పరంజ్యోతి మాస్టరు తర్జుమా

పరంజ్యోతి మాస్టరును దేవుడు పేరు పెట్టి పిలిచి ఆఫ్రికాకు పంపాడని మా ఆళ్లగడ్డ సంఘం ఇప్పటికీ నమ్ముతుంది. నేను నమ్మను. మనుషుల్ని ఎంచుకోవడం దేవుడికి అంత చేతకాదని నేననుకోను.

నా పేరు ప్రమీలమ్మ. చర్చి కాంపౌండులోని ఎలిమెంటరీ స్కూల్లో ఇరవై ఆరేళ్లు రెండో తరగతి చెప్పాను. మాస్టరు ఆ పక్కనే హైస్కూల్లో లెక్కలు చెప్పేవాడు. బాగా చెప్పేవాడు, కాదనను. అక్కడితో ఆగి ఉంటే ఆయన గురించి రాయడానికేమీ ఉండేది కాదు, మాకందరికీ సుఖంగా ఉండేది.

ఆయన నాయన నంద్యాలలో ఒక తెల్లదొర బంగళాలో బట్లరు. దొర వీధిలో వస్తుంటే పెద్ద పెద్ద రైతులు కూడా అరుగు దిగి నిలబడటం పరంజ్యోతి చిన్నప్పటి నుంచి చూశాడు. అదే రైతులు తన నాయన వెళ్తుంటే చెప్పులు చేత పట్టుకొమ్మనడం కూడా చూశాడు. ఆ బాధ నిజమైనదే, దాన్ని నేను ఎగతాళి చేయను. ఆ బాధ నుంచి ఆయన నేర్చుకున్నది మాత్రం ఉత్త పనికిమాలినది. దొర రిటైరై తన దేశం వెళ్లాక బట్లరుకు ఒక ఉత్తరం రాశాడట, రెండు అద్దె గదుల్లో ఉంటున్నాననీ, సంచి పట్టుకుని తానే కూరగాయలకు వెళ్తున్నాననీ. స్టాఫు రూములో ఈ సంగతి చెప్పి మాస్టరు వేలు పైకెత్తాడు.

"చూడు ప్రమీలమ్మా. ఆయప్ప ఈడికొచ్చినాడు గాబట్టి దొర. వాళ్లూర్లో ఆయప్పను పలకరించే దిక్కు లేదు. మనిషికి విలువ రావాలంటే సముద్రం దాటాల."

ఇదీ ఆయనకు వచ్చిన దైవ పిలుపు. బోర్డు మీద లెక్క తేల్చినంత తేలిగ్గా తేల్చుకున్నాడు.

డెబ్బై మూడులో మద్రాసులోని ఒక సంఘం జాంబియాలో మిషను సెకండరీ స్కూలుకు ఉపాధ్యాయులు కావాలని అడిగింది. జీతం అక్కడి సర్కారు ఇస్తుంది. అంటే అది ఉద్యోగం. మా చర్చి కమిటీకి అది ఉద్యోగంగా వినపడలేదు. "మన సంఘం నుంచి మొట్టమొదటి విదేశీ మిషనరీ" అని సంజీవయ్య అయ్యగారు ఆదివారం ప్రకటించారు. అయ్యగారు మా పాస్టరు, మంచివాడు. ఎవరు ఏం చెప్పినా నమ్మేంత మంచివాడు. పంపుడు కూటం పెట్టారు, దండలు వేశారు, పెద్దలు తల మీద చేతులుంచారు. మాస్టరు మోకరించే ముందు జేబురుమాలు తీసి నేల మీద పరిచి, దాని మీద మోకాళ్లు పెట్టాడు. ప్యాంటు మాసిపోకూడదు కదా. ఆడవాళ్లంతా ఏడుస్తుంటే నేను ఆ రుమాలు వైపే చూస్తూ ఉండిపోయాను.

ఆ రోజే ఆడవాళ్ల సమాజం ఒక తీర్మానం చేసింది. మా సంఘాల్లో పిడికెడు గింజలనే ఆచారం ఒకటి ఉంది. ఇల్లాలు ఎసట్లో పోయబోయే ముందు ఒక పిడికెడు తీసి పక్కన ముంతలో వేస్తుంది. బియ్యమున్న ఇంట్లో బియ్యం, జొన్నలున్న ఇంట్లో జొన్నలు. నెలకోసారి ఆ ముంతలు చర్చికి తెచ్చి పీఠం ముందు గోనెలో పోస్తారు. అప్పటిదాకా ఆ గింజలు పల్లెల్లో తిరిగి వాక్యం చెప్పే ఉపదేశిని పోషించేవి. ఇకనుంచి ఆఫ్రికా సేవకన్నారు. ఆ సమాజానికి పెద్ద జీవమ్మ.

జీవమ్మ భర్త పోయిన మనిషి. శెనిక్కాయ చేలల్లో కలుపు తీసి బతికేది. చదువు లేదు. కానీ ఎవరింట్లో ముంత నిండిందో, ఎవరు మరిచారో ఆమెకు తెలిసేది. వీధిలో ఆపి అడిగేది, "ఏమే, నీ పిడికెడు యాడుంది?" అని. నాకు ఆమె అంటే భయం, గౌరవం రెండూ. నేనూ పదకొండేళ్లు పిడికెడు తీశాను, నమ్మి కాదు, ఆమె అడుగుతుందని.

డెబ్బై ఏడులో మాస్టరు మొదటిసారి సెలవు మీద వచ్చాడు. తెల్ల సూటు వేసుకున్నాడు, మే నెలలో, మా ఎండల్లో! నంద్యాల నుంచి మొదలుపెట్టి ఊరూరా సాక్ష్యం చెప్పాడు. బట్టల్లేని జనం, రాళ్లకు మొక్కే జనం, మనిషి మాంసం మరిగిన జనం, వాళ్ల మధ్య తానొక్కడే. నంద్యాలలో చెప్పినప్పుడు ఆయన దారికి ఒక సింహం అడ్డం వచ్చింది. ఆళ్లగడ్డకు వచ్చేసరికి రెండయ్యాయి. మహానంది దారిలో ఒక పల్లెలో నాలుగు సింహాలు వరసగా పడుకుని ఆయన ప్రార్థన విన్నాయి. మూడు చోట్లా నేనున్నాను. లెక్కల మాస్టరు కదా, కూడిక తప్పితే మరొకటి రాలేదు.

అప్పుడే నాకు తెలుసు ఈయన అబద్ధమాడుతున్నాడని. నోరు విప్పలేదు. తిరిగొచ్చాక ఆయన్నే మా స్కూళ్ల మీద పెద్దగా పెడతారని అందరూ అనుకుంటున్నారు, నాకు ఉద్యోగం కావాలి. ఆయన్ను తిట్టుకుంటూ ఇంటికెళ్లి హాయిగా అన్నం తిన్నాను. నా సంగతి అంతే, దాచుకోను.

ఎనభైలో మళ్లీ వచ్చాడు. ఈసారి మెడలో కెమెరా. నా క్లాసుకు వచ్చి పిల్లలందరినీ బయట నిలబెట్టమన్నాడు. నిలబెట్టాను. "చొక్కాలు ఇప్పించమ్మా, ఎండగా ఉండాది" అన్నాడు. పిల్లలు నవ్వుకుంటూ విప్పారు. ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. చొక్కా విప్పితే ఎండ ఎట్లా తగ్గుతుందో నేను అడగలేదు.

అది కరువు సంవత్సరం. కాలువ ఎండిపోయింది, చేలల్లో పని లేదు. జీవమ్మకు ఒక్కతే కూతురు కృపమ్మ, పాములపాడులో ఇచ్చింది. తొలి కాన్పుకు పుట్టింటికి వచ్చింది. ఇంట్లో రోజుకు ఒక పూటే జొన్న గంజి. ఆ గంజికి గింజలు తీసుకునే ముందు కూడా జీవమ్మ పిడికెడు తీసి ముంతలో వేసేది. బాలింత మంచం మీద నుంచి చూసేది. కాన్పయిన పందొమ్మిదో రోజున వాళ్లిద్దరూ పోట్లాడుకున్నారు. నేను పిల్లకు పాత గుడ్డలు ఇవ్వడానికి వెళ్లి గుమ్మంలో నిలబడిపోయాను.

"పాలు పడక బిడ్డ ఏడుస్తాంది," అంది కృపమ్మ. "నా గంజిలో గింజలు తీసి యెవురికి పెడ్తాండావ్ మా?"

"దేవుని పని మే అది. ఆడ జనానికి ప్రభువు పేరు గూడ తెల్దంట."

"ఆ జనం యెవురు? ఒక్కరి పేరు చెప్పు. నా నోటి కాడిది తిన్నోళ్ల పేరు ఒక్కటి చెప్పు, ఊరుకుంటా."

జీవమ్మ ముంత మీద మూత పెట్టి పొయ్యి వైపు తిరిగింది. కృపమ్మ ఆ పొద్దే పచ్చి బాలింత, పసిగుడ్డును చంకనేసుకుని నంద్యాల బస్సెక్కి వెళ్లిపోయింది. మళ్లీ తల్లి గడప తొక్కలేదు. మనవడి మొహం జీవమ్మకు ఆ పందొమ్మిది రోజులే తెలుసు.

ఆ తర్వాతి ఆదివారం జీవమ్మ మాస్టరును చర్చి మెట్ల దగ్గర పట్టుకుంది. "మాస్టరూ, నీ వల్ల ప్రభువును తెల్సుకున్నోళ్లది ఒక్క పేరు చెప్పు నాయనా. మా పిల్లకు చెప్పుకోవాల" అంది. ఆయన నవ్వి, "ఒకరా ఇద్దరా జీవమ్మా, వేలమంది. వాళ్ల పేర్లకు మన నోళ్లు తిరగవు" అని చెయ్యి ఊపి వెళ్లిపోయాడు. వేలమందిలో ఒక్క పేరు ఇవ్వలేకపోయాడు. జీవమ్మ నాతో అంది, "పేరు ఉండాలి టీచరమ్మా. ఒక్క పేరుంటే నాది తప్పు గాదు. లేకుంటే నా బిడ్డదే నిజం." నాలుగేళ్లు ఆమె అదే పట్టుకుని బతికింది. ముంత మాత్రం మానలేదు. మానితే ఒప్పుకున్నట్టవుతుందని.

ఎనభై నాలుగు నవంబరులో అయ్యగారు ఒక ఉత్తరం పట్టుకుని నా దగ్గరికి వచ్చారు. ఇంగ్లీషులో ఉంది. నేను నంద్యాల బోర్డింగులో మిస్సమ్మల దగ్గర చదువుకున్నదాన్ని, ఇంగ్లీషు ఉత్తరాలొస్తే అయ్యగారు నాతోనే చదివించుకునేవారు. రాసింది జోసెఫ్ ఫిరి అనే జాంబియా అబ్బాయి. పరంజ్యోతి మాస్టరు శిష్యుడట. బెంగుళూరులో పాస్టరు చదువు చదువుతున్నాడట. మాస్టరు సంఘాన్ని ఒకసారి కళ్లారా చూసి వెళ్తానని రాశాడు. అయ్యగారి కళ్లలో నీళ్లు. "పండు పండింది ప్రమీలమ్మా" అన్నారు.

మాస్టరు అప్పుడు మూడో సెలవులో ఊళ్లోనే ఉన్నాడు. వార్త వినగానే మొహం పాలిపోయింది. తరవాత తేరుకున్నాడు. మా దగ్గర బయటివాళ్లు ఎవరొచ్చి మాట్లాడినా పక్కన ఒకరు నిలబడి వాక్యం వాక్యం తర్జుమా చేస్తారు. తర్జుమా చేసేది తానే కదా! ఆ చర్చిలో తనకు తప్ప ఇంకెవరికైనా ఇంగ్లీషు మాట అర్థమవుతుందన్న ఆలోచనే ఆయనకు రాలేదు. పదేళ్లు ఒకే కాంపౌండులో పనిచేశాం, రెండో తరగతి చెప్పే ఆడమనిషిని ఏం చదివావని ఏనాడూ అడిగినవాడు కాదు.

ఫిరి శనివారం దిగాడు. పొడుగాటి మనిషి, ఇస్త్రీ చేసిన చొక్కా, మెత్తని గొంతు. వెంట ఒక పెద్ద ట్రంకు పెట్టె. ఆదివారం చర్చి కిక్కిరిసిపోయింది. సింహాలను చూసినవాణ్ని చూడాలని చర్చికి రానివాళ్లు కూడా వచ్చారు. ఆడవాళ్ల వైపు చాప మీద జీవమ్మ నా పక్కనే కూర్చుంది. ఫిరి నిలబడ్డాడు, పక్కన మాస్టరు.

ఫిరి ఇంగ్లీషులో అన్నాడు, "మా తాత ఇటుకలు మోసి కట్టిన చర్చిలో నాకు బాప్తిస్మం ఇచ్చారు. ఆ చర్చిలో మా నాన్న పాటల నాయకుడు."

మాస్టరు గొంతు పెంచి తెలుగులో చెప్పాడు. "మేము అడవులలో అంధకారమందు తిరుగుచుంటిమి!"

"మాస్టరుగారు మాకు బీజగణితం చాలా ఓపికగా చెప్పారు. ఆయన వల్లే నేను పరీక్ష గట్టెక్కాను."

"ఈ దైవజనుడు వచ్చి మాకు వెలుగును చూపించెను! ఈయన లేకపోతే మేము నశించి ఉందుము!"

స్తోత్రం, స్తోత్రం అని జనం. జీవమ్మ నా చెయ్యి పట్టుకుని "ఇన్నావా టీచరమ్మా, ఇన్నావా?" అంటూ ఏడుస్తోంది. నాకు ఇద్దరి మాటలూ అర్థమవుతున్నాయి. అయినా లేవలేదు. సిగ్గులేనితనంలో నేను మాస్టరుకు పెద్దగా తీసిపోలేదు ఆ అరగంట.

ప్రసంగం అయిపోగానే జీవమ్మ లేచి నిలబడింది. ఎవరూ పిలవలేదు, ఎవరినీ అడగలేదు.

"నాయనా, ఒగ మాట. మా మాస్టరు నోటి గుండా ప్రభువును తెల్సుకున్నోళ్లు మీ ఊర్లో ఉండారు గదా. నువ్వో, ఇంగొకరో. ఒక్క పేరు చెప్పు నాయనా. ఆ పేరు నాకు కావాల."

ఫిరి మాస్టరు వైపు తిరిగాడు. మాస్టరు రెప్ప వేయకుండా ఇంగ్లీషులో చెప్పాడు. "ఈ ముసలామెకు మోకాళ్ల నొప్పులు. ప్రార్థన చేయమంటోంది."

పాపం ఆ అబ్బాయి వెంటనే కళ్లు మూసుకుని, చేతులు చాచి, జీవమ్మ మోకాళ్ల కోసం ప్రార్థన మొదలుపెట్టాడు. జనమంతా తలలు వంచారు. జీవమ్మ మాత్రం కళ్లు తెరిచి, ఆ ప్రార్థనలో తనకు కావలసిన పేరు వస్తుందేమోనని చెవి పెట్టి వింటోంది. ఆమె మొహం చూశాక నేనిక కూర్చోలేకపోయాను.

ప్రార్థన మధ్యలో లేచాను. మా సంఘంలో అంతకన్నా పెద్ద తప్పు లేదు. ఇంగ్లీషులోనే చెప్పాను. "అయ్యా, ఆమె మోకాళ్లు బాగానే ఉన్నాయి. ఆమె అడిగింది వేరు." అడిగింది అడిగినట్టు చెప్పాను. చర్చి మొత్తం నా వైపు తిరిగింది.

ఫిరి నిజంగా వెతికాడు. నుదురు రుద్దుకుని, మాస్టరు వైపు చూసి, నేల వైపు చూసి ఆలోచించాడు. ఒక్క పేరైనా దొరికితే ఇచ్చేసేవాడే, అంత మంచి పిల్లవాడు. చివరికి చెప్పాడు, నేను తెలుగులో గట్టిగా చెప్పాను. "మా ఊరంతా మా తాతల కాలం నుంచి క్రైస్తవులే. మాస్టరుగారు లెక్కలు చెప్తారు. ఆదివారం మాతో పాటు ముందు వరసలో కూర్చుంటారు. అంతకు మించి నాకు తెలియదు."

గుసగుసలు మొదలయ్యాయి. ఫిరికి ఇంకా చెప్పాలని ఉంది. "మీ గురించే మేం బాధపడుతుంటాం" అన్నాడు. "ఇక్కడ జనం పాములకు మొక్కుతారనీ, పిల్లలకు గుడ్డ కూడా లేదనీ మాస్టరుగారు చెప్పారు. ఫోటో కూడా చూపించారు." జేబులోంచి తీశాడు. నా రెండో తరగతి పిల్లలు, చొక్కాలు లేకుండా, ఎండకు కళ్లు చిట్లించి. "అప్పటి నుంచి మా ఆడవాళ్లు వంటకు ముందు పిడికెడు మొక్కజొన్న పిండి తీసి పక్కన పెడుతున్నారు, ఆళ్లగడ్డ పిల్లల కోసం. ఆ ఆచారం ఆయనే నేర్పారు. ఆ పిండి అమ్మి గుడ్డ కొని, ఇవి కుట్టి పంపారు." ట్రంకు పెట్టె తెరిచాడు. నిండా చిన్న చిన్న చొక్కాలు.

జీవమ్మ ఇంకా నిలబడే ఉంది. "ఆయప్పను అడుగు టీచరమ్మా. వాళ్లమ్మ గూడ తీసిందా పిడికెడు?"

అడిగాను. తీసిందన్నాడు. రెండేళ్లుగా వాళ్లకూ వానల్లేవట. ఆకలికి చెల్లెలు ఏడుస్తున్నా వాళ్లమ్మ తీసి పెట్టేదట, ఇక్కడి పిల్లలు ఇంకా అధ్వానంగా ఉన్నారని చెప్పి.

అది కూడా తెలుగులో చెప్పాను. జీవమ్మ మాస్టరు వైపు తిరిగి, "ఆ తల్లిని గూడనా నాయనా?" అంది. అంతే. కొంగు సర్దుకుని బయటికి వెళ్లిపోయింది.

మాస్టరుకు ఏమైందంటారా? ఏమీ కాలేదు. ఆ సాయంత్రం కమిటీ ముందు, "ప్రమీలమ్మకు ఇంగ్లీషు సరిగ్గ రాదప్పా. రెండో తరగతి టీచరు మాట పట్టుకోని దైవసేవకుణ్ని నిందిస్తారా?" అన్నాడు. కమిటీ నమ్మింది. నమ్మకపోతే పదకొండేళ్లు తాము మూర్ఖులమని ఒప్పుకోవాలి, అంత ధైర్యం వాళ్లకు యాడిది? ఆరాధనకు భంగం కలిగించానని నాకు మూడు నెలలు ప్రభు భోజనం, అంటే చర్చిలో ఇచ్చే రొట్టె, ద్రాక్షరసం, ఆపారు. ట్రంకు పెట్టెలోని చొక్కాలు పారేయడం మాత్రం వాళ్లకు మనసొప్పలేదు, కమిటీవాళ్ల పిల్లలే తొడుక్కుని తిరిగారు. జనవరిలో మాస్టరు మళ్లీ దండలు వేయించుకుని విమానమెక్కాడు.

ఆ ఆదివారం తెల్లారే, సోమవారం పొద్దున, జీవమ్మ నా గుమ్మంలో నిలబడింది. "పాములపాడు పోవాల. నువ్వు ఇన్నదానివి, నువ్వు రావాల" అంది. సెలవు చీటీ రాసి వెళ్లాను. నంద్యాలలో బస్సు మారాం. దారి పొడవునా ఆమె ఒక్క మాటే మాట్లాడింది. "నీకు ఇంగ్లీషు వచ్చునని నాకు తెల్దు టీచరమ్మా. ముందు నుంచే వచ్చునా?" ముందు నుంచే వచ్చు అన్నాను. ఆమె కిటికీ వైపు తిరిగింది. మాస్టరును నేనెన్ని మాటలన్నా, ఆ ప్రశ్న ముందు నాకు మొహం చెల్లలేదు.

కృపమ్మ వాకిట్లో మిరపకాయల తొడిమలు తీస్తోంది. తల్లిని చూసి లేవలేదు, రమ్మనలేదు. నాలుగేళ్ల పిల్లవాడు ఆమె వీపు చాటుకు పోయాడు. జీవమ్మ మనవడి వైపు చూసి, చెయ్యి చాచబోయి, వెనక్కి తీసుకుంది. వాకిట్లో నిలబడే చెప్పింది.

"మే, పేరు లేదు. ఒక్కటి గూడ లేదు. నీ గంజిలో గింజలు ఊరికే తీసినా. నీదే నిజం."

కృపమ్మ చేతిలో పని ఆగింది. "యెవురు చెప్పినారు?"

"ఆ దేశమాయప్ప వచ్చినాడు. మాస్టరు శిష్యుడు. గుళ్లో అందరి ముందర చెప్పినాడు. టీచరమ్మ ఇనింది."

కృపమ్మ నా వైపు చూసింది. అవునన్నట్టు తలూపాను. ఆమె మళ్లీ తల్లి వైపు తిరిగింది. కోపంగా ఉంటుందనుకున్నాను, లేదు. గొంతు చాలా మామూలుగా ఉంది.

"ఆయప్ప సముద్రం దాటొచ్చి చెప్తే నమ్మినావ్. నేను నీ ఎదుర కూచోని, బిడ్డను ఒళ్లో పెట్టుకోని, ఆకలైతాంది మా అంటే నమ్మలేదే."

జవాబు నేనేమైనా చెప్తానేమోనని జీవమ్మ నా వైపు చూసింది. నేను తల దించుకున్నాను.